నిక్ డ్రేకు 'ఫైవ్ లీవ్స్ లెఫ్ట్' - వాగ్గేయవిమర్శనము

సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుఁడు పాటలోని మాటకు మాతువనియు, దాని వరుసకు ధాతువనియుఁ బేళ్లు పెట్టి, యీ రెంటిని దానే కూర్పఁజాలినవాఁడు వాగ్గేయకారుఁడని నిర్ణయించెను. అందును దారతమ్యము గలదు. వరుసయందుఁ బ్రౌఢుఁడై మాటయందు మందుఁడగువాఁడు మధ్యముఁడు. మాట రమ్యమైనను వరుసయందు మందుఁడగువాఁ డధముఁడు. రెంటను సమర్థుఁడగువాఁడే యుత్తముఁడు. పదమూఁడవ శతాబ్దమునఁ జెప్పఁబడిన యీ లక్షణము, ఇరువదవ శతాబ్దమున నింగ్లండు దేశమునఁ దన పాటలను దానే కట్టి, తానే గిటారు వాయించి పాడిన యొక యువకుని విషయమునఁ జక్కఁగా నన్వయించుచున్నది. ఆతని పూర్ణనామము నికొలసు రాడ్నీ డ్రేకు. లోకవ్యవహారమున నిక్ డ్రేకు.

1960 తరువాతి దశకమున నింగ్లండునందును అమెరికాయందును బ్రాచీనజానపదగేయఫణితిని రాక్ అను నవీనవాద్యపద్ధతితో మేళవించి పాడు సంప్రదాయము ప్రబలెను. ఆ సంప్రదాయమునఁ బేరువడసినవారు పెక్కండ్రు. డ్రేకు మాత్రము బ్రతికియున్న కాలమున మూఁడు గేయసంపుటములను వెలువరించియు నించుకంతయు నాదరమును బొందక, 26 ఏండ్ల ప్రాయమున గతించెను. మరణించిన పాతికయేండ్లకు గాని యాతని కీర్తి దేశదేశములఁ బ్రాఁకలేదు. ఆ కీర్తితోఁ గూడ నొక యపవ్యాఖ్యానమును వ్యాపించినది. ఆతని మొదటి సంపుటమగు 'ఫైవ్ లీవ్స్ లెఫ్ట్' చరిత్రమును, అందలి గేయముల కవితాస్వరూపమును నిరూపించి, యా యపవ్యాఖ్యానమునకుఁ గల బలాబలములను విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

జన్మదేశము, మాతృసంప్రదాయము

డ్రేకు 1948 జూను 19వ తేదీన బర్మాదేశమునందలి రంగూను నగరమున జన్మించెను. రంగూను తెలుఁగువారికిఁ బరాయి నగరము కాదు. గోదావరీ విశాఖపట్టణ మండలములనుండి కూలికిని వర్తకమునకును సముద్రము దాఁటి పోయిన తెలుఁగువారు వేలకొలఁదిగా నచట వసించిరి. కోరంగి రేవునుండి వచ్చినవారగుటచే వారికిఁ గోరంగీలను పేరు వచ్చినది. డ్రేకు తండ్రి రాడ్నీ, బొంబాయి బర్మా వర్తకసంఘమున నింజనీరు. తల్లి మాలీ 1915లో రంగూనునందే పుట్టినది. 1942లో జపానుసేనలు బర్మాను ముట్టడించినపుడు తెలుఁగువా రసంఖ్యాకులు కొండలును నడవులును దాఁటి కాలినడకను స్వదేశము చేరిరి. మాలీయు నదే విపత్తునఁ బర్మా విడిచి, తోఁబుట్టువగు నాన్సీతో ఢిల్లీ చేరినది. అచట నా యిద్దఱును 'లాయిడ్ సిస్టర్సు' అను పేర ఆలిండియా రేడియోలోఁ బాటలు పాడిరి.

నిక్కు పసితనముననే యా కుటుంబ మింగ్లండునకు మరలి, వార్విక్‌షైరు మండలమునందలి టాన్‌వర్త్-ఇన్-ఆర్డెన్ అను గ్రామమున 'ఫార్ లేస్' అను గృహమున స్థిరపడెను. మాలీ స్వయముగాఁ బాటలు కట్టి, పియానోపై వాయించుచు నింటిలోఁ బాడుకొనెడిది. భర్త వానిని 1950 తరువాతి దశకమున టేపుపై నెక్కించి భద్రపఱచెను. అవి చిరకాలము గృహమునకే పరిమితములై యుండి, రెండు పాటలు 2007లోఁ గొడుకు బాల్యరచనలతోఁ గూడ 'ఫ్యామిలీ ట్రీ' యను సంపుటమునను, తక్కినవి పెక్కులు 2013లో నామె పేరిట వెలువడిన సంపుటమునను బ్రకటితములయ్యెను. కాలము గడచిపోవుట, సుఖము నిలువకుండుట, స్మృతియందలి తీపియుఁ జేఁదును ఆ పాటలకుఁ బ్రధానవస్తువులు. ఈ విషయము మనస్సునఁ బెట్టుకొనఁదగినది. దీని ప్రయోజనము ముందు విశదము కాఁగలదు.

సంపుటనిర్మాణము

డ్రేకు మార్ల్‌బరో కళాశాలలోఁ జదివి, 1967లోఁ గేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకుఁ జెందిన ఫిట్జ్‌విలియం కళాశాలలో నాంగ్లసాహిత్యాభ్యాసమునకుఁ జేరెను. చదువుకంటెఁ బాటయందే యాతని బుద్ధి లగ్నమై యుండెను. లండనులోని రౌండ్‌హౌసు అను మందిరమున నాతఁడు పాడుచుండఁగా, 'ఫేర్‌పోర్ట్ కన్వెన్షన్' అను మేళమునకుఁ జెందిన యాష్లీ హచింగ్సు విని, తమ రికార్డుల నిర్మాతయగు జో బాయ్డున కెఱిఁగించెను. బాయ్డు పాటలు విన్నతోడనే యొడంబడిక చేసికొనెను. చెల్సీలోని 'సౌండ్ టెక్నీక్స్' అను శబ్దలేఖనశాలలో జాన్ వుడ్ అను యంత్రశిల్పి సాహాయ్యమున, 1968, 1969 సంవత్సరములలోఁ బది పాటలు సిద్ధమయ్యెను.

ఈ సందర్భమున జరిగిన యొక విషయము కవిస్వభావమును జక్కఁగాఁ దెలుపును. గానమునకు నేపథ్యముగా వయొలిను, చెలో మొదలగు తంత్రీవాద్యములను గూర్చుటకు నిర్మాత మొదట ననుభవశాలి యగు నొక వాద్యకూర్పరిని నియమించెను. ఆ కూర్పు డ్రేకునకు నచ్చలేదు. సహజముగా మితభాషియు సంకోచశీలుఁడును నగు నాతఁ డీ యంశమున మాత్రము పట్టు విడువక, కేంబ్రిడ్జిలోఁ జదువుకొనుచున్న తన మిత్రుఁడు రాబర్టు కర్బీ యీ పనికిఁ దగినవాఁడనెను. కర్బీ యంతకుముం దెన్నఁడును వృత్తిగా నట్టి పని చేసినవాఁడు కాఁడు. అయినను 'వే టు బ్లూ' అను పాటకు గిటారు సయితము లేకుండ, కేవలము తంత్రీవాద్యములతో నాతఁడు చేసిన కూర్పు గేయభావమునకు వేఱొకటి తగదనిపించునట్లున్నది. 'రివర్ మాన్' పాటను మాత్రము తాను గూర్పఁజాలనని కర్బీ యొప్పుకొనఁగా, దానిని హారీ రాబిన్సను కూర్చెను. డానీ తాంసను మంద్రస్థాయి వాద్యమును, రిచర్డు తాంసను ఒక పాటకు విద్యుద్గిటారును వాయించిరి.

సంపుటమును 1969లో ఐలండు సంస్థ ప్రకటించినది. దాని యట్టపైఁ బాటల వరుస తప్పుగా ముద్రితమైనది. పాడునపుడు విడువఁబడిన చరణములు కొన్ని యచ్చున నట్లే నిలిచిపోయినవి. కవి యిందులకు నొచ్చుకొనెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. ఆతని నొప్పి న్యాయమైనదే. కాని గ్రంథపరిష్కర్తల దృష్టితోఁ జూచినచో నీ ముద్రణదోష మొక లాభమును గూడఁ జేకూర్చినది. తాళపత్రప్రతులలోఁ గొట్టివేయఁబడిన పంక్తి కవియొక్క తొలియూహను బయల్పఱచునట్లు, ఇచటను లిఖితపాఠమునకును గీతపాఠమునకును గల భేదము రచయిత యెంత వ్రాసి యెంత విడిచెనో చూపుచున్నది. ఆ పాటల పూర్వరూపములును బ్రయోగదశలోని గానములును 2025లో నొక ప్రత్యేకసంపుటముగా వెలువడుటచే నీ పరిశీలనమునకు సాధనసామగ్రి మఱింత సమకూరినది. సహజధారగాఁ దోఁచు నీ పాటలు పలుమాఱులు సవరింపఁబడినవని వానివలనఁ దెలియవచ్చుచున్నది.

గేయస్వరూపము

సంపుటమునఁ బది గేయములు గలవు. అందు మాతుధాతువులకు సామరస్యము మిక్కిలిగాఁ గుదిరినవి కొన్ని యిచటఁ బరిశీలింపఁబడును.

'రివర్ మాన్' మొదట గణింపఁదగినది. ఆంగ్లగేయములకు నాలుగు లెక్కలో మూఁడు లెక్కలో సామాన్యము. ఈ పాట యైదు లెక్కలతో నడచును. మన శాస్త్రమున దీనికి ఖండగతియని పేరు. ఈ గతి యాంధ్రులకుఁ బాటలయందును నృత్తమునందును బరిచితమే, ఆంగ్లశ్రోతల కరుదైనది. అయిదు సరిగా రెండు పాళ్లగునది కాదు. మూఁడును రెండునుగాఁ జీలి, యొకవైపున కొరఁగి నడచును. గాయకుఁడు పలుకును తాళపుదెబ్బతోఁ బాటు నెత్తుకొనక యించుక జాగుచేసి యెత్తుకొనును. ఇందుచే గిటారు నదీప్రవాహమువలె నెడతెగక సాగుచుండ, పలుకు దానిపైఁ దేలుచున్న యాకువలెఁ దోఁచును.

ఇఁక మాతువు. బెట్టీ యను స్త్రీ యొకతె వచ్చి తన చింతను జెప్పుకొనును. వక్త తాను నదీపురుషునొద్దకుఁ బోయి కొన్ని సంగతులు చెప్పెదనని సంకల్పించును. కథ యింతకుమించి సాగదు. ఆ నదీపురుషుఁ డెవఁడో కవి చెప్పలేదు. నావికుఁడా? కాలపురుషుఁడా? పరలోకమునకు దాఁటించువాఁడా? మూఁడర్థములును బొసఁగును, ఒక్కటియు వాచ్యము కాదు. ఆనందవర్ధనుఁడు కావ్యాత్మగాఁ జెప్పిన ధ్వని కిట్టివి యుదాహరణములు. బెట్టీ యను పేరు వర్డ్సువర్తు కవి 1798లోఁ బ్రకటించిన 'ది ఇడియట్ బాయ్' అను కథాగేయములోని బెట్టీ ఫాయినుండి వచ్చినదని కొందఱు విమర్శకు లూహింతురు. సాహిత్యవిద్యార్థి రచన యగుటచే నీ యూహ యసంగతము కాదు. కాని నామసామ్యమాత్రమున సిద్ధాంతము చేయరాదు.

'డే ఈజ్ డన్' అను పాట నిర్మాణమునందు విశేషము గలది. అందుఁ బల్లవి వేఱుగా లేదు. ప్రతిచరణమును ఒక సమాప్తిని బేర్కొను పదబంధముతో నారంభమై, యా పదబంధముతోనే ముగియును. పగలు ముగియుట, పక్షి యెగిరిపోవుట, యాట తీఱుట, విందు చెదరుట యిట్లు వరుసగాఁ గొన్ని యంతములు చెప్పఁబడినవి. ఎత్తుకొన్నచోటికే మరలి వచ్చుటచే నంతము నారంభమును నొక్కటియే యన్న భావము, మాటచే గాక బంధముచేతనే స్ఫురించుచున్నది. చరణములు క్లుప్తములు, ప్రాసలు గాఢములు. ఒక్క విశేషణమునైనను దీసివేసినచోఁ బాట కుంటుపడును.

'వే టు బ్లూ' ఆద్యంతము ప్రశ్నలతో నల్లఁబడినది. తెలిసినవానిని దెలియనివాఁ డడుగుచున్నాఁడు. సమాధానము మాత్రము పాటలో లేదు. ఉపనిషత్తులలోని శిష్యుఁడు గురువు నడిగి యుత్తరము వడయును. ఈ శిష్యుని యెదుట గురువు గలఁడో లేఁడో కూడఁ దెలియదు. గిటారు లేకుండుటయు నిచట సార్థకమే. చేతి యాధారమును విడిచి కంఠ మొంటరిగా నిలిచినది.

తుదిపాటయగు 'సాటర్‌డే సన్' నందు శనివారపు టెండయు నాదివారపు వానయుఁ జేతనములుగా భావింపఁబడినవి. చెప్పక వచ్చిన యెండ నెవ్వరును సరిగా నాదరింపలేదు. మఱునాఁటి వాన దానికై దుఃఖించినది. సామాన్యమగు నొక వారాంతమున నిట్లు కాలతత్త్వమును జూపుట సులభమైన పని కాదు.

అన్ని పాటలును సమానములని చెప్పరాదు. 'మాన్ ఇన్ ఏ షెడ్' చమత్కారమాత్రఫలము. 'ది థాట్స్ ఆఫ్ మేరీ జేన్' నందు వరుస మృదువైనను మాట పలుచన. ఉత్తమునియందును రచన లన్నియు నుత్తములు కావని యిందువలన గ్రహింపవలయును.

అపవ్యాఖ్యానవిచారము

ఇఁక వివాదాంశము. డ్రేకు 1974 నవంబరు 25వ తేదీన, మానసికవ్యాధికి వైద్యుఁడిచ్చిన మందు మితిమీఱి సేవించుటచే, తల్లిదండ్రుల యింట మరణించెను. విచారణాధికారి దీని నాత్మహత్యగా నిర్ణయించెను. ప్రమాదమని తలఁచువారును గలరు. ఈ మరణము తెలిసిన పిమ్మట శ్రోతలు వెనుకకుఁ దిరిగి తొలి సంపుటమున సయితము మరణసూచనలు వెదకిరి. సంపుటనామమున కయిదాకులు మిగిలినవని యర్థము. 1969నుండి 1974నకు నయిదేండ్లు. కావునఁ గవి తనకు మిగిలిన సంవత్సరములను ముందే లెక్కించెనని యొక వాదము పుట్టినది. 'ఫ్రూట్ ట్రీ' యను పాటలోఁ గీర్తి ఫలవృక్షముగా రూపింపఁబడి, అది కవి గతించిన తరువాతనే ఫలించునను భావము సూచింపఁబడినది. ఇది యాతని స్వవిషయకభవిష్యద్వాణి యని రెండవ వాదము.

మొదటి వాదము వస్తుజ్ఞానముచేతనే వీఁగిపోవును. ఆ కాలమున రిజ్లా యను పేర చుట్టకాగితములు చిన్నపుస్తకములుగా నమ్మఁబడెడివి. పుస్తకము చివరకు వచ్చుచుండఁగా నిఁక నయిదాకులే మిగిలినవని హెచ్చరించు చీటి యొకటి యందుండెడిది. విద్యార్థులకు నిత్యపరిచితమైన యా చీటిలోని మాటయే సంపుటనామము. అందుఁ జతురతయు, ముగింపు సమీపించిన దన్న యించుక విషాదమును గలవు. సంవత్సరసంఖ్య మాత్రము లేదు.

రెండవది సూక్ష్మముగా విచారింపఁదగినది. 'ఫ్రూట్ ట్రీ' రికార్డగునప్పటికిఁ గవికి నిరువదియొకటవ యేఁడు నిండలేదు. అప్పటి కాతనికి వ్యాధి లేదు, పరాజయమును లేదు. మొదటి సంపుట మప్పటికి వెలువడనేలేదు. అనాదృతకవి మరణానంతరము కీర్తిఁ గాంచుట యాంగ్లసాహిత్యమునఁ బ్రసిద్ధమైన వస్తువు. 1770లోఁ బదునేడేండ్లకు గతించిన చాటర్టనును, 1821లో నిరువదియైదేండ్లకు గతించిన కీట్సును ఆ భాషలోని కవులు పలుమాఱులు స్మరించిరి. సంస్కృతమున భవభూతి మాలతీమాధవప్రస్తావనలోఁ దన్ను గుర్తించువాఁ డెన్నఁడో యెచటనో పుట్టగలఁడని యాశ్వాసము పొందెను. అంతమాత్రముచే భవభూతి తన చావును ముందెఱిఁగెనని యెవ్వరును వ్యాఖ్యానింపలేదు. కవిసమయసదృశమగు వస్తువును జీవితసాక్ష్యముగాఁ గొనుట వ్యాఖ్యాతృదోషము.

దీనికిఁ దోడు తల్లి పాటలు గలవు. గతించు కాలమును గూర్చిన చింత యాతని కింటిలోనే, చిన్ననాఁడే, పియానోపై వినఁబడినది. మాలీ 1993వఱకు జీవించినది. ఆమె పాటలను మరణసూచకములని యెవరును జెప్పరు. ఒకే వస్తువు తల్లియందు మాధుర్యముగాను గొడుకునందు వ్యాధిలక్షణముగాను గణించుట కేమి హేతువు? హేతువు కవితయందు లేదు. కొడుకు మరణకథ యందున్నది.

అయినను జీవితమునకును గవితకును సంబంధమే లేదనుట యతివాద మగును. 1971 అక్టోబరులో రెండు రాత్రులలో, తోడు వాద్యములు లేక, ఒక్క పాటకుఁ బియానో మాత్రము చేర్చి, డ్రేకు 'పింక్ మూన్' అను మూఁడవ సంపుటమును బాడెను. అది యర్ధగంటకుఁ గూడఁ జాలదు. తరువాత వ్యాధి ముదిరెను. 1974లోఁ బాడిన 'బ్లాక్ ఐడ్ డాగ్' పాటయందు దుఃఖము వస్తువుగా గాక యనుభవముగానే వినఁబడుచున్నది. నల్లకుక్క యాంగ్లభాషలో విషాదవ్యాధికి రూఢమైన సంకేతము. అచట జీవితాన్వయము న్యాయమే. కాని 1974నాఁటి దీపముతో 1969నాఁటి పుటలను జదువుట న్యాయము కాదు. రచనాకాలక్రమమును మన్నించుటయే చరిత్రకారుని ధర్మము.

అనాదరమునకుఁ గారణములు

మూఁడు సంపుటములలో నొక్కటియు మొదటఁ బ్రకటితమైనపు డయిదువేల ప్రతులకు మించి చెల్లలేదని చరిత్రకారులు వ్రాయుదురు. ఇందులకు శ్రోతలను మాత్రమే నిందింపరాదు. డ్రేకు ఒక్కొక్క పాటకు గిటారు తంత్రుల శ్రుతులను వేఱువేఱుగా మార్చుచుండెను. సభలో నీ మార్పునకుఁ జాల సేపు పట్టెడిది. ఆ నడుమ నాతఁడు శ్రోతలతో నొక్క మాటయు నాడెడివాఁడు కాఁడు. 1969 సెప్టెంబరు 24వ తేదీన లండనులోని రాయల్ ఫెస్టివల్ హాలునందు నిశ్శబ్దముగా వినెడి సభ యాతని నాదరించెను. పానశాలలవంటి గోష్ఠులలో నా పాట కలకలమున మునిఁగిపోయెను. 1970 తరువాత సభలలోఁ బాడుటయే మానెను. పత్రికలవారితో మాటలాడుటయు లేదనఁదగును. ధాతువును సంకీర్ణము చేసిన యా శ్రుతిభేదములే ధాతువునకు సౌందర్యమును దెచ్చినవి. అవియే ప్రచారమునకు విఘాతమును దెచ్చినవి.

పునరుజ్జీవనమునకుఁ బ్రథమకారణము నిర్మాతయొక్క దూరదృష్టి. బాయ్డు తన సంస్థను ఐలండువారికి విక్రయించునపుడు డ్రేకు రికార్డులను ప్రచురణనుండి యెన్నఁడును దొలఁగింపరాదని నియమము పెట్టెనని చెప్పియున్నాఁడు. అమ్ముడుపోని గ్రంథము నల్మరలో నుంచుట యెంత యుపకారమో ప్రాచీనగ్రంథసేకరణము చేయువారికిఁ దెలియును. 1979లో మూఁడు సంపుటములును జేర్చి 'ఫ్రూట్ ట్రీ' యను పేర నొక సంచయము వెలువడెను. 1985లో 'డ్రీమ్ అకాడమీ' యను మేళము ప్రసిద్ధమైన తమ పాట నొకదాని నాతనికి నంకితము చేసెను. 1999లో వోక్స్‌వాగన్ కారు ప్రకటనచిత్రమున 'పింక్ మూన్' పాట వినఁబడఁగా, మఱుసటి యేఁడే యా సంపుటము బ్రతికియున్ననాఁటి మొత్తముకంటె నెన్నియో రెట్లధికముగా నమ్ముడుపోయెను. కవి జీవితకాలమున విననొల్లని లోకము, ఒక మోటారుబండి ప్రకటన ద్వారమున నాతని నాలకించినది.

ఫలశ్రుతిగాఁ జెప్పవలసిన దిది. 'ఫైవ్ లీవ్స్ లెఫ్ట్' మృత్యుముఖమునందున్నవాని విలాపము కాదు. ఇరువదేండ్ల విద్యార్థి తల్లివలన వస్తువును, ఆంగ్లకవులవలన రీతిని, తన వ్రేళ్లవలన గతిని గ్రహించి, సవరించి సవరించి నిర్మించిన వాగ్గేయకృతి. మాతుధాతువులు రెండును నొక్కనివే యగుటయుఁ, దక్కువ మాటలలో నెక్కువ ధ్వని నిముడ్చుటయు దాని గుణములు. కవిమరణముపై జాలిచే దాని నాదరించుట దానికి నన్యాయము. కృతి తన గుణములచేతనే పరీక్షకు నిలువఁగలదు. అట్లు నిలిపి వినుటయే యాతనికిఁ జేయఁదగిన సత్కారము.